వినే తోడు

మా తోడల్లుణ్ణి చూస్తే నాకు కడుపుమంట. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆ రోజు నేను చేసిన ప్రతి పనిలోనూ అది ఉంది. నేను ప్రైవేటు డిటెక్టివుని. వాడు వీసా శాఖలో ఇన్‌స్పెక్టరు. నా ఆఫీసు మెట్ల కింద గది, వాడికి ప్రభుత్వ జీపు. అత్తగారింట్లో నేను పెద్దల్లుణ్ణి, కుర్చీ మాత్రం ముందు వాడికే వేస్తారు. "చిన్నల్లుడికి ఎంత పనున్నా మొహంలో నవ్వు చెరగదు" అంటుంది మా అత్తగారు, నా మొహం వైపు చూస్తూ.

అందుకే ఆ శనివారం మధ్యాహ్నం ఒకావిడ నా గదిలోకి వచ్చి, "వీసా ఇన్‌స్పెక్టరు గారు మా ఆయన పారిపోయారంటున్నారండీ" అనగానే, మిగతా సగం వినకుండానే కేసు ఒప్పుకున్నాను.

మిగతా సగం ఇది. ఆవిడ భర్త పరాయి దేశం నుంచి ఇక్కడి సెమినరీకి పాస్టరు చదువుకు వచ్చాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గంట. అందరూ గంటన్న అని పిలుస్తారు. భార్యా, నాలుగేళ్ల కూతురూ అతని వీసా మీదే ఇక్కడ ఉంటున్నారు. నిన్న మా తోడల్లుడు సెమినరీకి వచ్చి, నువ్వు పూర్తికాలపు విద్యార్థివి కాదని తెలిసింది, నీ వీసా చెల్లదు, రేపు సాయంత్రం ఐదులోగా ఇక్కడికే స్వయంగా వచ్చి కారణం చెప్పుకో అని నోటీసు ఇచ్చాడు. ఈ ఉదయం ఇంట్లోంచి బయలుదేరిన గంటన్న ఎక్కడా కనిపించడం లేదు. ఫోను మోగడం లేదు.

"ఐదు దాటితే ఏమవుతుంది?" అన్నాను.

"పరారీ అని రాసేస్తారట. దేశం దాటించేస్తారని కాదండీ నా భయం, వెళ్లిపోతాం. పారిపోయినవాడన్న మాట పడితే ఆయన మళ్లీ ఏ సంఘం ముందు నిలబడి వాక్యం చెప్తారు? ఆయనకి వచ్చిన పని అదొక్కటే."

"పారిపోలేదని మీకెలా తెలుసమ్మా?"

"పారిపోయేవాళ్లు గొంతు బాగు చేసుకుని పోతారా?" అందావిడ. "నిన్నటిదాకా బాగానే ఉన్నారు. రాత్రంతా నిద్ర లేదు, పొద్దున లేచేసరికి గొంతు పోయింది. ఒకటే బొంగురు. ఉప్పునీళ్లు పుక్కిలించారు. ఐదింటికి మాట్లాడాలి కదా అని నేనే ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పోసిచ్చాను. మూత వదులైతే నా జుట్టు రబ్బరు తీసి చుట్టాను కూడా."

"పొద్దున ఎక్కడికి వెళ్తానన్నారు?"

"ఒక మనిషిని ఒంటరిగా కలిసి ఒక మాట అడగాలన్నారు. ఎవరని అడిగితే, ముందు ఆ మనిషినే అడగాలి, తర్వాతే నీకు చెప్తానన్నారు." ఆవిడ పెదవి బిగించింది. "నాకెప్పుడూ తర్వాతేనండీ. ముందు ఆ అబ్బాయిగారు వినాలి. మా పెళ్లిరోజుకి చేసిన ప్రార్థన కూడా ముందు ఆయన ముందే ప్రాక్టీసు చేశారు, తెలుసా?"

ఆవిడ కూడా నా జాతే అని అర్థమై కొంచెం దగ్గరితనం కలిగింది. అబ్బాయిగారెవరని అడిగాను.

అప్పుడు చెప్పింది ఆ సెమినరీ పద్ధతి. అక్కడ ప్రసంగం నేర్చుకునే ప్రతివాడికీ ఒక వినే తోడు ఉంటాడు. ఒంటరిగా ఎవరూ ప్రాక్టీసు చేయకూడదు. చెప్పేవాడు పుల్పిట్ అనే ప్రసంగపు బల్ల దగ్గర నిలబడతాడు, వినేవాడు చివరి బెంచీలో కూర్చుంటాడు. తాగే నీళ్లు వినేవాడి దగ్గరే ఉంటాయి. మాట అక్కడిదాకా రాకపోతే వినేవాడు చెయ్యి ఎత్తుతాడు, అంతే, ఇంకేమీ అనకూడదు. చెయ్యి లేవలేదంటే వినపడినట్టు. చదువు ముగిసేదాకా ఆ జత విడిపోకూడదు. గంటన్నకి వినే తోడు, అక్కడి పెద్ద సంఘపు పాస్టరు గారి కొడుకు. ముప్పై రెండేళ్లొచ్చినా ఊరంతా అబ్బాయిగారనే పిలుస్తుందట.

* * *

సెమినరీలో పరాయి దేశపు విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిణిని అందరూ వీసా మేడం అంటారు. నేనెవరో చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది.

"ఇన్‌స్పెక్టరు గారి తోడల్లుడా! ఎంత మర్యాదస్తులండీ ఆయన. అసలు నిన్ననే ముగించెయ్యాల్సిన కేసు. పాపం చిన్నపిల్ల ఉందని ఒక రోజు గడువిచ్చి, సెలవు మానుకుని మళ్లీ వస్తున్నారు."

నేను వచ్చింది వాడి గురించి వినడానికి కాదని మెల్లగా గుర్తు చేశాను.

"విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు టర్ముకి నాలుగు క్లాసులు పగలు, గదిలో కూర్చుని చదవాలి" అంది మేడం. "సాయంత్రం క్లాసులు ఉద్యోగాలు చేసుకునే స్థానికుల కోసం. అది పార్ట్‌టైం కోర్సు. దానికి వీసా ఇవ్వరు. గంటన్న ఈ టర్ములో ప్రసంగం క్లాసు పగటినుంచి సాయంత్రానికి మార్చుకున్నాడు. అదే మాస్టారు, అదే పాఠం, మారింది వేళ ఒక్కటే. కానీ లెక్కలో పగటి క్లాసులు మూడే మిగిలాయి. అంటే పార్ట్‌టైం. ఒంట్లో బాగాలేకనో, మరేదో తప్పనిసరై తగ్గించుకోవాలంటే ముందు నన్ను అడగాలి."

"అడగలేదా?"

"అడిగుంటే చావనైనా చావు గానీ మారకు అనేదాన్ని. ఇన్నేళ్లలో ఇలాంటి తప్పు చేసిన పరాయి దేశపు పిల్లవాణ్ణి చూడలేదు. వాళ్లకి వీసా రూల్సు వాక్యం కంటే బాగా కంఠస్థం."

"మరి ఈయన ఎందుకు మారాడు?"

"సాయంత్రం క్లాసులో అబ్బాయిగారికి వినే తోడు లేడు" అంది మేడం. "ఆయన ఉద్యోగంలో చేరి పోయిన టర్ము నుంచి పార్ట్‌టైంకి మారాడు. అక్కడందరూ పరుగుల మీద ఉంటారు, క్లాసు అవగానే బస్సు పట్టుకోవాలి, ఎవడు కూర్చుని వింటాడు? గంటన్న తోడు విడిచిపెట్టలేక వెళ్లుంటాడు. బయటివాళ్లకి ఇది పిచ్చిగా కనిపిస్తుంది."

నాకు పిచ్చిగా కనిపించలేదు. ఉచ్చులా కనిపించింది. ఎలకకి ఏది ఇష్టమో తెలిసినవాడే బోనులో అది పెడతాడు. అదే మాట పైకి అన్నాను.

"ఛ, అబ్బాయిగారు అలాంటివాడు కాదు" అంది మేడం. వెంటనే గొంతు తగ్గించింది. "కాకపోతే ఒకటుంది. క్రిందటి నెల పెద్దయ్యగారు, అదే వాళ్ల నాన్నగారు, తన తర్వాత సంఘం చూసుకోవడానికి గంటన్నని ఎంచుకున్నారు. నిండు సంఘంలో అతని భుజం మీద చెయ్యేసి, దేవుడు నాకు ఇన్నాళ్లకి కొడుకునిచ్చాడు అన్నారు. కన్నకొడుకు ముందు బెంచీలోనే ఉన్నాడు. ఏం చేస్తాడు పాపం, ఆ అబ్బాయి గొంతు మూడో బెంచీ దాటదు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లోనే ఓడిపోయినవాడి సంగతి ఏమిటో ఎవరూ చెప్పలేదు. నాకు ఆ అబ్బాయిగారి మొహం చూడకుండానే తెలిసినట్టనిపించింది.

* * *

ప్రాక్టీసు చేసేది చాపెల్లోనే. బయట వెనకగోడ దగ్గర కాపలా ముసలాయన రబ్బరు పైపు చుట్టలు విప్పుతున్నాడు. రేపు బాప్తిస్మాలున్నాయి, లోపల కడిగాను, జారతారు జాగ్రత్త అన్నాడు. పొద్దున్నే కడగడం ముగించి బజారు పని మీద వెళ్లి ఇప్పుడే వచ్చాడట, ఎవరినీ చూడలేదట.

లోపల ఆరు వరసల బెంచీలు. ముందు నడుమెత్తు చెక్క వేదిక, దాని మీద ఎర్ర తివాచీ, తివాచీ మీద పుల్పిట్. ముందు మైకు చూశాను. దాని మెడ బాగా కిందికి వంచి ఉంది. నా ఛాతీ దగ్గరికి వస్తోంది. చివరగా మాట్లాడినవాడు పొట్టివాడు. వెంటనే చివరి బెంచీ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. బెంచీ కింద స్టీలు ఫ్లాస్కు, మూతకి నల్ల జుట్టు రబ్బరు. మూత తీస్తే నీళ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది.

"అన్నయ్యా! మీరిక్కడా?" అన్నాడు మా తోడల్లుడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, చెరగని నవ్వు. "వదిన బాగుందా? రేపు అత్తయ్య రమ్మంది, మీరూ వస్తున్నారుగా?"

"నీ పరారీ మనిషి పొద్దున ఇక్కడే ఉన్నాడు తమ్ముడూ" అన్నాను, ఫ్లాస్కు ఎత్తి చూపించి. "ఒంటరిగా లేడు. నీళ్లు వెనక బెంచీలో ఉన్నాయంటే వినేవాడు ఉన్నాడు. పారిపోయేవాడు ప్రాక్టీసు చేసి పారిపోడు. మీ శాఖకి మనుషుల్ని వెతకడం కంటే వాళ్లకి పేర్లు పెట్టడం సులువనుకుంటా."

వాడికి కోపం రాలేదు. అదే నాకు ఒళ్లు మంట. వాడు మెల్లగా వేదిక ఎక్కి అటూ ఇటూ చూశాడు. నేనూ వెనకాలే ఎక్కాను.

"ఆయన పొట్టివారు కదా, మైకు ఎంత వంచినా నిలబడ్డానికి చిన్న చెక్కపెట్టె కూడా ఉండాలట. మేడం చెప్పింది. అది కనపడదేం?"

నేను ఆ పెట్టె సంగతి అడగలేదు. "ఎవరో పక్కన పెట్టుంటారు" అన్నాను.

"ఇంకోటి అన్నయ్యా." వాడు బూటు మొనతో తివాచీ అంచు లేపాడు. "పైన పొడిగా ఉంది, కింద తడిగా ఉంది. చెక్క కూడా నానింది. తడి ఆరకముందే ఎవరో తివాచీ పరిచారు. ఎందుకంటారు?"

"నేల తుడిస్తే తడవదా? ముసలాయన కడిగానని చెప్పాడుగా. తడిగుడ్డలో నేరం వెతకమాకు, నవ్వుతారు" అన్నాను.

అది మంచి ప్రశ్న అని నాకు తెలుసు. వాడు అడిగాడు కాబట్టి చెత్త ప్రశ్న అయింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆ తర్వాత గంటన్నరకి గానీ నాకు తెలియలేదు. నేను వాణ్ణి తోసుకుంటూ చాపెల్లోంచి బయటికి నడిచాను. వెనకగోడ అవతల ముసలాయన కుళాయి తిప్పుతున్న చప్పుడు వినపడింది. దాన్నీ పట్టించుకోలేదు.

* * *

అబ్బాయిగారు నాలుగు దాటాక వచ్చాడు. చర్చి ఆఫీసులో పని ముగించుకుని వచ్చానని చెప్పాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. మేడం గదిలో బల్లకి ఒక వైపు అతను, మరో వైపు నేను. గంటన్న భార్య, మేడం కిటికీ దగ్గర నిలబడ్డారు. మా తోడల్లుడు తలుపుకి ఆనుకుని, ఇది మీ ఆటే అన్నట్టు చేతులు కట్టుకున్నాడు.

"గంటన్నని చివరిసారి ఎప్పుడు చూశారు?" అన్నాను.

"గురువారం సాయంత్రం క్లాసులో" అన్నాడు. నిజంగానే గొంతు బల్ల దాటడం లేదు, ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

"నిన్నగానీ ఇవాళగానీ కలవలేదా? ఫోన్లో?"

"లేదండి."

"క్లాసు మారమని చెప్పింది మీరేనా?"

"నేను అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. మేడంని అడగాల్సింది ఆయన కదా."

"మేడంని అడిగిపెట్టానని మీరు చెప్పారని ఆయన నాతో అన్నారు" అంది గంటన్న భార్య కిటికీ దగ్గర్నుంచి. "మేడం పర్వాలేదన్నారని మీరే చెప్పారు. లేకపోతే ఆయన అడుగు కూడా కదిపేవారు కాదు."

"అలా నేను అనలేదమ్మా. ఆయన పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటారు." అతను విచారంగా తల ఊపాడు. "ఆయన మీద నాకేం కోపం? రేపు ఎక్కడున్నా బాగుండాలి. ఆ గొంతు అలా బొంగురుపోయి, ఇన్‌స్పెక్టరు గారి ముందు మాట్లాడలేక భయపడి వెళ్లిపోయి ఉంటారు, అంతే."

గంటన్న భార్య నా వైపు చూసింది. నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

"ఆయన గొంతు పోయింది ఈ రోజు పొద్దున. భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. గురువారం నుంచి చూడని మీకెవరు చెప్పారు?"

అతని కళ్లు బల్ల మీద వాలాయి. ఇక ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టడమే మిగిలింది. నేను దానికోసం చెయ్యి చాపాను, నాకు ఎంతో ఇష్టమైన క్షణం అది. సరిగ్గా అప్పుడే మా తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, ఒక్క మాట. గంటన్న పార్ట్‌టైం చదువుతున్నాడని మా ఆఫీసుకి ఫోను చేసి చెప్పిన నంబరు కనుక్కున్నాను. పెద్దయ్యగారి చర్చి ఆఫీసుది. మధ్యాహ్నమే తెలిసింది. మీరు అడుగుతున్నారని ఆగాను."

నేను మెట్లు ఎక్కి దిగి, వంగి, మోకాళ్లు నొప్పి పుట్టేదాకా వెతికి తెచ్చినదాన్ని వాడు కూర్చున్నచోటే కనుక్కున్నాడు. పైగా నా మర్యాద కాపాడటానికి ఆగాడట. ఫ్లాస్కుని బల్ల మీద కావాల్సినదాని కంటే గట్టిగా పెట్టాను.

"వినే తోడు నీళ్లు దగ్గర పెట్టుకుంటాడు. అది నీకు ఎంత అలవాటంటే, వెళ్తూ దాన్ని తీసుకెళ్లాలన్న ధ్యాస కూడా రాలేదు" అన్నాను. మీరు నుంచి నువ్వులోకి దిగాను. "పొద్దున చాపెల్లో గంటన్న మాట్లాడాడు, నువ్వు విన్నావు. ఏం విన్నావు? ఇన్‌స్పెక్టరు ముందు నీ పేరు ఎలా చెప్పబోతున్నాడో విన్నావు. భయపడ్డావు. అవునా?"

అతను తలెత్తాడు. మొదటిసారి ఆ కళ్లలో నాకు బాగా తెలిసినదేదో కనిపించింది.

"నా పేరు చెప్పలేదు" అన్నాడు.

"ఏమిటి?"

"ఇన్‌స్పెక్టరు గారికి ఏం చెప్పాలో నా ముందు చెప్పి చూసుకున్నాడు. తప్పు నాదే, నేనే తెలుసుకోకుండా మారాను అన్నాడు. మొదట్నుంచి చివరిదాకా నా పేరు ఒక్కసారి కూడా లేదు. నేనే చేశానని అతనికి తెలుసు, అడిగాడు కూడా. నేను ఏమీ అనకపోతే, సరే అని పుల్పిట్ దగ్గరికి వెళ్లి, ఆ పోయిన గొంతుతోనే..." ఫ్లాస్కుని పక్కకి తోశాడు. "గొంతు నాకంటే గొప్పది, సరే. మా నాన్నకి నాకంటే ఇష్టం, సరే. మంచితనంలో కూడా నాకంటే పైనే ఉండాలా? కొంచెమైనా మిగల్చకూడదా నాకు?"

తలుపుకి ఆనుకున్న మనిషి వైపు నేను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

"ఆయన ఎక్కడున్నారు?" అంది గంటన్న భార్య.

అతను గోడ గడియారం చూశాడు. ఐదుకి ఇరవై నిమిషాలుంది. "బాగానే ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు. ఐదు దాటాక నేనే వెళ్లి..." అని ఆగిపోయాడు.

"ఎక్కడ?" అన్నాను.

అంతే, నోరు మూసుకుపోయింది. నేను అరిచాను, బల్ల గుద్దాను, మా తోడల్లుడు మెత్తగా అడిగాడు. లాభం లేదు. పావుగంట గడిచిపోయినా మాట బయటపడలేదు. గంటన్న భార్య కిందికి కూలబడి, అతని కాళ్ల దగ్గర కూర్చుంది. అతను కాళ్లు వెనక్కి తీసుకున్నాడు గానీ నోరు విప్పలేదు.

అప్పుడు కాపలా ముసలాయన తలుపు తోసుకుని వచ్చాడు.

"మేడం గారూ, రేపు బాప్తిస్మానికి నీళ్లలో ముంచేది పెద్దవాళ్లనేనా, పిల్లలు కూడా ఉన్నారా? తొట్టి చాలావరకు నిండినట్టుంది చప్పుడు చూస్తే. పిల్లలుంటే ఇంక కుళాయి కట్టేస్తాను."

అబ్బాయిగారు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"తొట్టి ఇవాళ ఎందుకు నింపుతున్నావ్ తాతా? రేపు తెల్లవారుజామున కదా నింపేది?"

"ఈ టర్మునుంచి ముందు రోజు మధ్యాహ్నమే బాబూ. పొద్దునపూట నీళ్లు సన్నగా వస్తున్నాయని పగటి ప్రార్థనలో అందరికీ చెప్పారుగా. మీరు సాయంత్రంవాళ్లలోకి పోయారు, మీకు తెలీదు." ముసలాయన మా మొహాలు చూసి తికమకపడ్డాడు. "పొద్దున తొట్టి కడిగి, ఆరనీ అని వేదిక మీద ఒక పెద్ద పలక తీసి, తివాచీ చుట్టి, పుల్పిట్ కూడా పక్కకి జరిపాను. ఎందుకూ?"

వేదిక కింద తొట్టి. చుట్టి పెట్టిన తివాచీని ఎవరో పరిచారు. కింద తడి. మా తోడల్లుడు బూటు మొనతో చూపించాడు. నేను తడిగుడ్డ అన్నాను. సరిగ్గా ఆ పలకల మీద నిలబడి అన్నాను.

నేను లేచేలోపే అబ్బాయిగారు గది దాటేశాడు. పారిపోతున్నాడనుకున్నాను. చాపెల్ వైపు పరుగెత్తుతున్నాడు.

* * *

పుల్పిట్‌ని ముగ్గురం కలిసి పక్కకి లాగాం. తివాచీ కింద పలక అంచు పట్టుకుని అబ్బాయిగారు ఒక్కడే లేపాడు, గోళ్ల కింద నెత్తురు వస్తున్నా వదల్లేదు.

లోతైన సిమెంటు తొట్టి. దిగే చెక్కమెట్లు రేపు గానీ పెట్టరు. ఒక మూల గంటన్న గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఒక కాలు అడ్డదిడ్డంగా వంగి తేలుతోంది, విరిగిందని చూడగానే తెలుస్తుంది. పైకి లేవలేడు. అతను కూర్చున్నది తన చెక్కపెట్టె మీద. ఆనవాలు ఉండకూడదని అబ్బాయిగారు దాన్ని కూడా లోపల పారేశాడు. అదే లేకపోతే నీళ్లు ఎప్పుడో తల దాటేవి. మేము ఫ్లాస్కు గురించీ తివాచీ గురించీ వాదించుకున్నప్పుడు అతనికి స్పృహ లేదట, చల్లటి నీళ్లు తగిలాకే మెలకువ వచ్చింది. ఆ తర్వాత అరుస్తూనే ఉన్నాడు. అరవడానికి గొంతెక్కడుంది?

మా తోడల్లుడు ఇస్త్రీ యూనిఫాంతోనే దూకాడు. గంటన్న చంకల కింద చేతులు వేసి పైకెత్తి పట్టుకుని, నీళ్లలో నిలబడే తడిసిన వాచీ చూసుకున్నాడు.

"ఐదుకి ఇంకా రెండు నిమిషాలుంది. విద్యార్థి గడువులోగా స్వయంగా హాజరయ్యాడు. అన్నయ్యా, సాక్షి మీరే" అన్నాడు.

ఆ పూటకి అంతకంటే మంచి మాట ఇంకోటి లేదు. అది కూడా వాడికే తట్టింది. నేను సరే అన్నాను, బిగ్గరగానే అన్నాను.

"ఇక కారణం చెప్పాలి" అన్నాడు వాడు గంటన్నతో, మెత్తగా. "వీసా తిరిగి ఇవ్వాలంటే తప్పు మీ చేతుల్లో లేదని నాకు తెలియాలి. క్లాసు ఎవరి మాట మీద మారారు? ఇందులోకి ఎలా పడ్డారు? మీ ఇష్టం, మీ నోటితోనే చెప్పండి. తెలియక నేనే మారాను అంటే మాత్రం నేనేమీ చేయలేను."

గంటన్న తొట్టి అంచున మోకాళ్ల మీద ఉన్న మనిషి వైపు చూశాడు. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

అబ్బాయిగారి కుడిచెయ్యి లేచింది. కావాలని లేపింది కాదు, మూడేళ్ల అలవాటు. వినపడటం లేదు అన్న గుర్తు. నెత్తుటి వేళ్లు గాల్లో నిలబడ్డాయి.

గంటన్న ఆ చెయ్యి చూసి నోరు మూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. చెప్పనని అర్థమైంది. తొట్టిలోంచి బతికి వచ్చి, మళ్లీ చెప్పనంటున్నాడు. ఇంకో నిమిషంలో అతని చదువూ, వీసా, పేరూ మూడూ పోతాయి, అతనికి తెలుసు. నాకు అరవాలనిపించింది.

అబ్బాయిగారు తన చేతిని తానే కిందికి దించుకున్నాడు. లేచాడు. పక్కకి తోసేసిన పుల్పిట్ దగ్గరికి వెళ్లి, అలవాటున దాని రెండు అంచులూ పట్టుకున్నాడు. మైకు జోలికి పోలేదు.

"నేనే" అన్నాడు.

ఆ గొంతు నేను గంటసేపు బల్ల మీదికి వంగి విన్న గొంతు కాదు.

"మేడంని అడిగానని అబద్ధం చెప్పి క్లాసు మార్పించింది నేనే. ఫోను చేసింది నేనే. ఇందులోకి తోసింది నేనే. అతని తప్పు ఏమీ లేదు. ఓర్వలేక చేశాను."

మాట గోడలకి తగిలి తిరిగి వచ్చింది. మా తోడల్లుడు నీళ్లలోంచి తలెత్తి, మెల్లగా తల ఊపాడు. మా వెనక పరుగెత్తలేక ఆలస్యంగా వచ్చిన గంటన్న భార్య అప్పటికి చివరి బెంచీ దాకా వచ్చి, ఫ్లాస్కు గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. అబ్బాయిగారు ఆవిడ వైపే చూస్తున్నాడు, క్షమించమని కాదు, ప్రాక్టీసు అయ్యాక ప్రతివాడూ చివరి బెంచీ వైపు చూసినట్టే.

ఆవిడ చెయ్యి ఎత్తలేదు.